అంబలి కుండకు మూత ఎందుకు?

వేసవిలో ఒకనాడు పొందూరులో విశ్వాసుల గృహములు దర్శిస్తూ మిట్టమధ్యాహ్నానికి ఒక వృద్ధురాలి ఇంటికి చేరాము. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, సన్న నూలు వడికి జీవించే తల్లి ఆమె. మూలనున్న కుండలో అంబలి ఉంది. ఎండన పడి వచ్చిన మాకు ప్రాణమంతా దానిమీదే. ఆమె మాత్రం, "అయ్యగారూ, మీకు అంబలి ఎట్టడమేటి? ఊరు నవ్వదా?" అని కుండకు మూత పెట్టింది. రేషన్ బియ్యము కూడ మాకు తగవనుకొని, పొరుగింట సన్నబియ్యము అప్పు తెచ్చి వండింది. ఆ సంగతి మాకు సాయంకాలము గాని తెలియలేదు. "అంబలే పొయ్యమ్మా" అని ఒక్క మాట అనియుంటే సరిపోయేది. అనలేదు. ఆ సిగ్గు మాలోనూ ఉన్నది గదా!

శ్రీకాకుళం, విజయనగరం పల్లెలు ఎన్నో తరములు ఈ కుండమీదనే బ్రతికాయి. ఇతరులు రాగులనే వాటిని మనము చోళ్లంటాము, సజ్జలను గంటెలంటాము. రెండును మెట్టభూముల పంటలే. ఉదయము తరవాణి అన్నము, పొలములో అంబలి, నంజుకొనుటకు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కాల్చిన ఎండు చేప. రాత్రికి గోగుకూరో, ఉలవచారో. ఆవ పెట్టిన పనసపొట్టు కూర విందులకు. రక్తపోటు ఉన్నవారు ఎండు చేపలోని ఉప్పు విషయమై జాగ్రత్తపడవలెను; పాతదంతా మంచిదని మేము చెప్పము.

వరి అన్నము ఒకప్పుడు కలిగినవారి కంచములోనిది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన తరువాత పేదల ఇంట కూడ దినదినము అన్నము ఉడికింది. ఆ మేలును ఆకలి ఎరిగినవారెవరూ తక్కువ చేయరు. అయితే అంబలి లేమికి గుర్తు అనే తలంపు కూడ దానితోపాటే బలపడింది. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, తెల్లబియ్యములో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించింది. ఆ మార్చిలోనే మన రాష్ట్రపు ప్రభుత్వ బడులలో పిల్లలకు రాగిజావ మొదలైంది. అమ్మమ్మ పోస్తే వద్దన్నదే బడిలో గ్లాసుతో వచ్చింది!

పేదవారి తిండిని చూచి సిగ్గుపడని దేశములు ఉన్నవి. ఫిన్లాండువారు రై అనే ధాన్యముతో నల్లని పుల్లరొట్టె చేసుకొంటారు. గోధుమ సరిగా పండని ఆ చలిదేశములో సామాన్యుల కడుపు నింపినది అదే. 2017లో, స్వాతంత్ర్యపు నూరేండ్ల పండుగ వేళ, వారు తమ జాతీయ ఆహారముగా ఆ రొట్టెనే ఎన్నుకొన్నారు.

చేయుట తెలియని కోడళ్లకు ఒక మాట. చోడిపిండిని ముందు రాత్రి నీళ్లలో కలిపి పులియనివ్వండి. మరునాడు నూకలు మెత్తగా ఉడుకుతుండగా ఆ పిండి పోసి, ఉండకట్టకుండ కలియబెట్టండి. చల్లారిన తరువాత ఉప్పు, మజ్జిగ చాలును. పంచదార వద్దు.

మొన్న మరల ఆ ఇంటికి వెళ్లి, "అమ్మా, నేడు అంబలి పోస్తేనే కూర్చుంటాము" అని గుమ్మములోనే చెప్పాము. ఆమె మా ముఖము చూచి నవ్వింది. "ఉల్లిపాయ కొరకగలరేటి అయ్యగారూ?" అంటూ లోటా కడగడానికి లేచింది.