మట్టి బాటల్లో కాకతీయం

ఓరుగల్లు కోట నుంచి రామప్ప, ఘనపురం, లక్నవరం, పాఖాల దాకా... లావు టైర్ల సైకిలు మీద ఎనిమిది వందల ఏళ్ల చెరువు కట్టల వెంట

రామప్ప గుడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కారు దిగుతారు, చెప్పులు విడుస్తారు, మదనికల ముందు ఫొటోలు దిగుతారు. నీళ్లలో తేలే ఇటుక గురించి గైడు చెప్పింది వింటారు. గంటన్నరలో తిరుగుముఖం పడతారు. కిలోమీటరు దూరంలోని చెరువుకు వెళ్లేది కొందరే. వెళ్లినా బోటెక్కి, ఫొటో తీసుకుని వచ్చేస్తారు.

నన్నడిగితే వాళ్లు సగమే చూశారంటాను. కాకతీయుల కాలంలో ఊరు పెట్టడం, చెరువు కట్టడం, గుడి నిలపడం వేర్వేరు పనులు కావు. గుడికి మాన్యం కావాలి, మాన్యం పండాలంటే నీళ్లు కావాలి, నీళ్లుంటేనే ఊరు నిలుస్తుంది. గుడి రాతిది కాబట్టి మన కళ్లకు ఆనింది. కట్ట మట్టిది కాబట్టి దాని మీద నడుస్తూ కూడా దాన్ని చూడం. కట్ట వెంబడి, తూము దాకా, మత్తడి దూకే చోటికి, అక్కణ్నుంచి కాలువ పొలాల్లోకి చీలే దారిలో కారు పోదు. నడిచి తిరగాలంటే పొద్దు చాలదు. ఈ దూరాలకు సైకిలే తగిన బండి. అందులోనూ ఈ మధ్య మన ఊళ్లకు వచ్చిన గ్రావెల్ బైక్.

చూడ్డానికి అది రేసు సైకిలులాగే ఉంటుంది, హ్యాండిల్ కిందికి వంగి ఉంటుంది. తేడా అంతా టైర్లలో. రేసు సైకిలు టైరు 25, 28 మిల్లీమీటర్ల వెడల్పుంటే దీనిది 38 నుంచి 45 దాకా ఉంటుంది. గాలి కూడా తక్కువే కొడతారు. 30, 40 పీఎస్ఐ చాలు. ఆ మెత్తదనం మొరం గులకల మీద చేతులకు దెబ్బ తగలకుండా కాస్తుంది, తారు రోడ్డెక్కితే కొండ సైకిలులా ఈడ్చుకుంటూ పోనక్కర్లేదు. 2006లో అమెరికాలోని కాన్సాస్ గడ్డిమైదానాల్లో మొదలైన రెండు వందల మైళ్ల పందెం దీనికి పేరు తెచ్చింది. 2022లో ఇటలీలో ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా పెట్టారు. మన దగ్గర ఆ పేరు కొత్తది గానీ పని పాతదే. తెల్లవారుజామున ఈత కల్లు కుండలు కట్టుకుని కట్ట దిగే గౌడన్నా, పాల క్యాన్లు వేలాడదీసుకుని డొంకదారిన వచ్చే పాలాయనా నల్లటి బరువు సైకిళ్ల మీద, గేర్లు లేకుండా, హెల్మెట్ లేకుండా ఏళ్ల తరబడి చేసింది ఇదే. లక్ష పెట్టి సైకిలు కొన్నవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకుంటే కట్ట మీద కొంచెం వినయంగా పక్కకు తప్పుకుంటారు.

మట్టి కోట

ఈ దారి వరంగల్ కోట దగ్గరే మొదలుపెట్టాలి. అందరూ చూసేది కీర్తి తోరణాలు, ఖుష్ మహల్. వాటికి ముందు రెండు గోడలు దాటి వచ్చామని చాలామందికి తట్టదు. లోపలిది సున్నం లేకుండా నల్లరాళ్లను ఒకదానితో ఒకటి బిగించి పేర్చిన రాతి గోడ. దాని బయట, ఎంతో దూరంగా చుట్టి వచ్చేది మట్టి గోడ. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తి చేసిందంటారు ఈ కోటను. 1309-10లో మాలిక్ కాఫుర్ ఢిల్లీ సేనలతో వచ్చి దీన్ని ముట్టడించినప్పటి సంగతులు రాసిన అమీర్ ఖుస్రో ఆ మట్టి గోడ గట్టితనం గురించి ప్రత్యేకంగా చెప్పాడు. శత్రువు ఆస్థాన కవి మెచ్చుకున్న మట్టి అది.

ఇప్పుడు ఆ గోడ చెట్లు మొలిచిన పొడుగాటి దిబ్బలా కనిపిస్తుంది. కోట లోపల ఇళ్లున్నాయి, పొలాలున్నాయి, బర్రెలు తిరుగుతాయి. సైకిలు మీద గోడ పక్క బాటల్లో నెమ్మదిగా తిరిగితేనే దాని వంపు తెలుస్తుంది, ఊరంతటినీ చుట్టి పట్టుకున్న ఒక కట్టలాగా. గోడ ఎక్కి తొక్కాలని చేతులు దురద పెడతాయి. అది మాత్రం వద్దు. మట్టి మీద చక్రం గీసిన గాడి వెంటే వాన నీరు పారుతుంది, ఒకటి రెండు వానాకాలాల్లో ఆ గాడి కోత అవుతుంది. చెరువు కట్టకూ ఇదే వర్తిస్తుంది. వానకు నానిన కట్ట మీద సైకిలు దిగి నడిపించుకు పోవడమే మర్యాద.

కాకతీయులంటే తోరణం, నంది, నల్లరాతి స్తంభం గుర్తుకొస్తాయి. వాళ్ల అసలు పట్టు మట్టి మీద అనిపిస్తుంది నాకు. కోటకు మట్టి గోడ. చెరువుకు మట్టి కట్ట. రామప్ప గుడి పునాది కింద ఇసుక నింపిన గుంత, శిఖరానికి కాల్చిన మట్టితో చేసిన తేలిక ఇటుక. ఆ గుడిని నిలబెట్టినవి కిందా పైనా మట్టీ ఇసుకే, మధ్యలో ఉన్నదే రాయి.

రామప్ప దాకా

వరంగల్ నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట సుమారు 70 కిలోమీటర్లు. ములుగు మీదుగా పోయే జాతీయ రహదారి మీద లారీల రద్దీ ఎక్కువ, దాని గురించి చెప్పడానికేమీ లేదు. తెల్లవారక ముందే బయల్దేరి ఆ భాగాన్ని తొందరగా దాటేయడమో, సైకిలును బండిలో వేసుకుని ములుగులో దిగడమో మంచిది. దారి పక్క పల్లెలోకి మళ్లాకే అసలు సవారీ.

శాసనం ప్రకారం రామప్ప గుడి 1213 నాటిది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దేవుడు రుద్రేశ్వరుడైనా జనం నోట గుడి శిల్పి పేరుతోనే నిలిచింది. శిల్పాల గురించి ఇప్పటికే ఎన్నో పుస్తకాలొచ్చాయి, ఇక్కడ మళ్లీ చెప్పను. చెరువుకు పోదాం.

కాకతీయుల చెరువు పద్ధతి తెలియాలంటే కట్ట మీద సగం దూరం పోయి ఆగి రెండు వైపులా చూడాలి. రెండు గుట్టల మధ్య సందు చూసి, అక్కడ మాత్రమే కట్ట వేశారు. మిగతా గట్టంతా గుట్టలే. తక్కువ మట్టి, ఎక్కువ నీరు. కట్టకు లోపలి వైపు అలల దెబ్బకు రాతి పరుపు, నీళ్లు వదలడానికి తూములు, నిండితే పొర్లిపోవడానికి మత్తడి. కట్ట మీద ఎక్కడో ఒక చోట వేపచెట్టు కింద పసుపు కుంకుమలతో కట్టమైసమ్మ ఉంటుంది. చెరువు కట్టించినవాళ్లకూ, బాగు చేసేవాళ్లకూ దాని కింది సాగులో వాటా ఇచ్చే దశబంధ పద్ధతి ఉండేది. నీళ్లు ఎవరి మడికి ఎప్పుడు వదలాలో చూసే నీరటికాడు ఉండేవాడు. కట్ట వేయడం ఒక్కసారి జరిగే పని. దాన్ని ఎనిమిది వందల ఏళ్లు నిలబెట్టింది ఈ ఏర్పాట్లే.

2023 జులై ఆఖరి వారంలో ఈ నేల మీద ఏం జరిగిందో ఈ ప్రాంతపు వాళ్లు మరిచిపోరు. రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో, ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు నిలుపుకున్నారు. అంత వానలోనూ రామప్ప కట్ట తెగలేదు. ఆ ఏడాది తర్వాత ఆ కట్ట మీద సైకిలు తొక్కుతుంటే గైడు చెప్పే తేలే ఇటుక కథ కన్నా ఇదే పెద్ద విడ్డూరంగా తోస్తుంది.

రామప్ప నుంచి ఘనపురం పదిపన్నెండు కిలోమీటర్లు. గణపతిదేవుని పేరుతో ఊరు, చెరువు, గణపేశ్వరాలయం. చుట్టూ చిన్నా పెద్దా కలిపి 22 గుళ్లున్న ప్రాకారాన్ని జనం కోటగుళ్లు అంటారు. రామప్పంత జనం రారు, అదే దీని భాగ్యం. విరిగిన స్తంభాల మధ్య మేకలు మేస్తుంటాయి. కుదురుగా కూర్చుని చూసుకోవచ్చు. సగం మనిషి, సగం సింహం ఏనుగు మీదెక్కినట్టున్న దూలం బొమ్మలు ఇక్కడే చూడాలి. అటుపైన చెల్పూరు వైపు మళ్లితే మాత్రం జాగ్రత్త. అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రానికి కాకతీయ అనే పేరే పెట్టారు గానీ ఆ దారిలో నడిచేవి బొగ్గు లారీలు. సైకిలు వాడికి అది చోటు కాదు.

లక్నవరం, పాఖాల

లక్నవరం ప్రకృతి గురించి పర్యాటక ప్రకటనలు చాలినంత చెప్పాయి. వేలాడే వంతెన, దీవులు, ఆదివారం గోల. చూడాల్సింది వేరే ఉంది. మూడు ఇరుకు లోయలు. వాటి నోళ్లను మూడు పొట్టి కట్టలతో మూసేశారు. మిగిలిన పనంతా గుట్టలకే వదిలేశారు. రామప్ప దగ్గర చూసిన పద్ధతే ఇక్కడ మరింత తెగువగా కనిపిస్తుంది.

పాఖాల కూడా గణపతిదేవుని కాలపుదే. జగదాళ ముమ్మడి కట్టించాడని అక్కడి శాసనం. రామప్ప, లక్నవరం నీళ్లు గోదావరికి పోతే పాఖాల దగ్గర పుట్టిన మున్నేరు కృష్ణలో కలుస్తుంది. అంటే ఈ రెండు మూడు రోజుల సవారీలో, పెద్ద కొండేదీ ఎక్కకుండానే, రెండు నదుల పరీవాహకాల మధ్య గీతను దాటేస్తాం. లక్నవరం నుంచి అడవిలో పడి నేరుగా పాఖాల చేరాలని మ్యాపు చూసిన ఎవరికైనా ఆశ పుడుతుంది. పాఖాల చుట్టూ అభయారణ్యం ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా ఆ బాటల్లోకి పోకూడదు. మల్లంపల్లికి వెనక్కి వచ్చి నర్సంపేట రోడ్డు పట్టుకోవడమే సరైన దారి.

లక్నవరం నుంచి తాడ్వాయి వైపు పోతే మేడారం. అక్కడ ఇదే కాకతీయ కథ తలకిందులుగా వినిపిస్తుంది. కరువు ఏడు కప్పం కట్టమని ప్రతాపరుద్రుడు సేనలను పంపితే కోయలు ఎదురు నిలిచారని, సమ్మక్క కొడుకు జంపన్న నెత్తురు కలిసిన వాగే జంపన్నవాగు అయిందని, సమ్మక్క, సారలమ్మ ఆ పోరులోనే వనదేవతలయ్యారని జనం చెప్పుకుంటారు. చెరువుల కింద మాగాణికి కట్ట వేసిన రాజు, అడవిలో పన్నుకు కత్తి దూసిన రాజు ఒకే వంశం వాళ్లు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి వచ్చే లక్షల మంది జనం ఆ రెండో సగాన్ని గుర్తుంచుకున్నవాళ్లు.

తారు సంగతి

1997లో ఇటలీలోని టస్కనీలో జానకార్లో బ్రోచి అనే ఆయన తెల్ల మట్టి రోడ్ల మీద ఒక సైకిలు సవారీ పెట్టాడు. మొదటి ఏడు 92 మంది వచ్చారు. ఆ మట్టి రోడ్లకు తారు పడకుండా కాపాడాలన్నది ఆయన పట్టుదల. ఆ సవారీయే ఎల్ ఎరోయికా పేరుతో లోకమంతా తెలిసింది. ఇక్కడా అలాగే చేద్దామని హైదరాబాద్ సైక్లిస్టులెవరైనా అంటే నేను ఒప్పుకోను. 2000లో గ్రామ సడక్ యోజన మొదలయ్యాక ఈ పల్లెల్లో ఎన్నింటికో తారు రోడ్డు వచ్చింది, దాని మీదే అంబులెన్స్ వస్తుంది, బడి పిల్లల బస్సు వస్తుంది, పంట కోతలప్పుడు వడ్లు ఆరబోసుకునేదీ దాని మీదే. మన టైరు సరదా కోసం ఇంకొకరి ఊరు మట్టిలో ఉండాలనడం ఏం న్యాయం? కట్టల మాట వేరు. మిషన్ కాకతీయ 2015లో మొదలై 46 వేలకు పైగా చెరువుల బాగు తలపెట్టింది. పూడిక తీయడం, తూము బాగు చేయడం మంచి పని. పట్టణాల పక్క చెరువులకు మాత్రం మినీ ట్యాంక్‌బండ్ పేరుతో రెయిలింగులు, రంగు బల్బులు దిగాయి. కట్టను పార్కు చేయొచ్చు, కానీ పచ్చిమట్టి కట్టను రోజూ చూస్తూ నడిచేవాడికి ఎలుక బొరియ, తడి చెమ్మ వెంటనే కనిపిస్తాయి, టైల్స్ కింద కనిపించవు.

కట్ట మీద ఆపి ఎవరో ఒకరు అడుగుతారు: "మంచి రోడ్డు వెట్టుకొని గీ కట్ట మీదికెందుకొచ్చినవ్ బిడ్డా?" చెరువు చూడ్డానికని చెబితే నమ్మరు. మత్తడి ఎటు అని అడిగితే మాత్రం దారి చూపించి, పోయిన ఏడు ఎంత ఎత్తు దూకిందో కూడా చెప్పేదాకా వదలరు.

బయల్దేరేవాళ్లకు మూడు మాటలు. మొదటిది పల్లేరు కాయ. దాని ముల్లు ఎంత ఖరీదు టైరునైనా లెక్కచేయదు. సర్కారు తుమ్మ ముల్లు దానికి అన్న. ట్యూబు లేని టైరులో సీలెంట్ పోసుకోవాలి, అయినా ఒక ట్యూబు వెంట ఉంచుకోవాలి. రెండోది రేగడి. చెలక నేల వాన పడ్డ మర్నాడే సైకిలుకు దారిస్తుంది. రేగడి ఇవ్వదు, చక్రానికీ ఫ్రేముకూ మధ్య ముద్దగా పేరుకుని సైకిలును మోయిస్తుంది. కాబట్టి నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకానే ఈ దారి. మూడోది నీళ్లు. ఇన్ని చెరువుల మధ్య తిరుగుతూ తాగునీటికి ఇబ్బంది పడటం వింతే గానీ కట్టల మీద దుకాణాలుండవు, రెండు సీసాలు నింపుకోవాలి. పాఖాల చూసుకుని నర్సంపేటలో తిండి కానిస్తే అక్కణ్నుంచి వరంగల్ సుమారు 40 కిలోమీటర్లు, అంతా తారే. ఫిబ్రవరి అయితే ఎనుమాముల మార్కెట్‌కు పోయే మిర్చి లారీలు ఎదురు గాలికి ఘాటు కలుపుతాయి, కళ్లద్దాలు మరిచిపోకండి.