వార్తల్లో పదం: జీవితకాల వ్యయం

కంప్యూటరు కొన్న బిల్లుతో ఖర్చు అయిపోదు. కరెంటు, ఇంటర్నెట్, మరమ్మతులు, నడిపేవాళ్ల జీతాలు, పాతబడ్డాక మార్చే సొమ్ము అన్నీ కలిపితేనే జీవితకాల వ్యయం. కోర్టుల పనిని కంప్యూటర్లలోకి తెచ్చే ఈ-కోర్టుల పథకానికీ ఇదే లెక్క. దాని మూడో దశకు 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం రూ.7,210 కోట్లు ఆమోదించింది. రెండో దశకు ఇచ్చింది రూ.1,670 కోట్లు. ఈసారి అన్నిటికన్నా పెద్ద పద్దు పాత రికార్డుల స్కానింగు, రూ.2,038 కోట్లు. దారంతో బిగించిన కట్ట విప్పాలి, పెళుసుబారిన కాగితాన్ని మెల్లగా సాపుచేయాలి, పేజీల వరుస చూడాలి. అది మనుషుల చేతిపని.

కక్షిదారు ఖర్చు మాత్రం ఏ పద్దులోనూ ఎక్కదు. ఎక్కాలి అంటాను. శృంగవరపుకోట కోర్టుకు బస్సెక్కి వచ్చే రైతు, వాయిదా పడిందని ముందే ఫోన్లో చూసుకోగలిగితే ఆ రోజు కూలి దక్కుతుంది. చూడటం రాకపోతే నెట్ సెంటరులో ప్రింటుకు, స్కానుకు జేబులోంచి తీసేది అతనే.