లెక్కల కంప్యూటరు పలుకకున్నచో



ధాన్యపు మిల్లునందో, ఎరువుల దుకాణమునందో, సహకార సంఘపు గడపయందో మీలో అనేకులు ఈ మాట వినియే యుందురు: "సర్వరు పనిచేయుట లేదు, లెక్కలు కనబడుట లేదు, రేపు రండు." తూచి యిచ్చిన ధాన్యమునకు రావలసిన పైకము ఆ లెక్కలలో నున్నది. అప్పుగా తెచ్చుకొన్న ఎరువు బస్తాల పద్దును అందే యున్నది. అట్టి లెక్కలు తెరమీద కానరాకపోయినపుడు ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని కూడ గుండె ఝల్లుమనుట సహజము. కాని లెక్కలు కనబడకపోవుట వేఱు, లెక్కలు పోవుట వేఱు. చాలమారులు జరుగునది మొదటిది. ఆ తొందరలో మనుష్యులు చేయు పనులవలన అది రెండవదిగా మాఱుచున్నది. ఇది యెట్లు జరుగునో, దానిని తప్పించుట యెట్లో నేడు మనవి చేసెదను.

పూర్వము దుకాణదారుడు చిట్టాను, ఆవర్జాను తన ముందఱి బల్లమీదనే పెట్టుకొని వ్రాసెడివాడు. నేటి లెక్కల ప్రోగ్రాములు పెక్కు అట్లు చేయవు. వానిలో రెండు భాగములు కలవు. గల్లాపెట్టె యొద్ద గుమాస్తా చూచు తెర యొకటి. వెనుక గదిలో పుస్తకములన్నిటిని దాచి, అడిగినవారికి తీసి చూపునది రెండవది. ఈ రెండవదానిని సర్వరు అనియు, అది కాచు పుస్తకముల రాశిని డేటాబేసు అనియు అందురు. లెక్కలను పట్టికలుగా అమర్చి, అవి యెచట నున్నవో తెలియకయే అడిగి తెలిసికొనదగు పద్ధతిని ఐ.బి.యం. కంపెనీలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు 1970లో ప్రకటించెను. నేటి డేటాబేసులలో అధికభాగము ఆ పద్ధతి ననుసరించినవే.

ఈ యేర్పాటు మనకు క్రొత్తది కాదు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము ఉద్యోగమును తీసివేయువఱకు మన గ్రామములలో జరిగినది ఇదియే. అడంగలు చూడవలెనన్న రైతు తానే దఫ్తరము విప్పడు. కరణముగారి యింటికి పోయి, సర్వే నంబరు చెప్పి యడుగును. ఆయన తీసి చదివి వినిపించును. తెలంగాణమున పట్వారీగారి యొద్దను ఇదే మర్యాద. కరణముగారు పొరుగూరు పోయినచో అడంగలు కనబడకపోవచ్చును గాని పొలము ఎక్కడికిని పోదు. గుమాస్తా తెర రైతు వంటిది. సర్వరు కరణము వంటిది. "డేటాబేసుతో సంబంధము కుదరలేదు" అని తెర చెప్పునపుడు అది చెప్పుచున్న దెల్ల ఇంతమాత్రమే: పోయి పిలిచితిని, జవాబు రాలేదు. పుస్తకములు చెడినవని అది చెప్పుట లేదు. వానిని అది చూడనే లేదు.

ఒక్క మాట. మన ప్రాంతమున మిక్కిలి వాడుకలోనున్న టాలీ ప్రోగ్రాములో, మామూలు యేర్పాటునందు, ఇట్టి కరణము లేడు. కంపెనీ లెక్కలు ఒక ఫోల్డరులో ఫైళ్లుగా నుండును. ప్రతి కంప్యూటరును ఆ ఫోల్డరును తానే తెఱచును. కావున అచట చూడవలసినది ఆ ఫోల్డరునకు దారి సరిగా నున్నదా, దానిని తెఱచు హక్కు ఉన్నదా యనునదే. క్రింద చెప్పునది సర్వరుగల ప్రోగ్రాములను గూర్చి. ఉదాహరణమునకు, చిన్న వర్తకుల ప్రోగ్రాములు అనేకము లాధారపడు మైక్రోసాఫ్టువారి యస్.క్యూ.యల్. సర్వరు ఎక్స్‌ప్రెస్ అను ఉచితపు సర్వరును తీసికొందును.

రైతు కరణమును కలియుటకు మూడు సంగతులు తెలియవలెను: ఇల్లెక్కడ, ఏ గుమ్మమున పిలువవలెను, తానెవరని చెప్పవలెను. కంప్యూటరునకును ఇవియే మూడు. ఇంటి గుర్తు 192.168 అని మొదలగు అంకెల చిరునామా, లేదా సర్వరు కంప్యూటరు పేరు. గుమ్మమును పోర్టు అందురు. యస్.క్యూ.యల్. సర్వరునకు వాడుకగా 1433వ పోర్టు. మూడవది వాడుకరి పేరు, రహస్యపదము. పిలుపు ఈ మూడింటిలో ఏ యొక్కచోట తప్పినను లెక్కలు కనబడవు. ఎక్కడ తప్పినదో తెలిసికొనుటయే మరమ్మతులో సగము.

దానికి తెరమీది అంకెయే సాక్షి. ఇంగ్లీషు వాక్యము చదువలేకపోయినను అంకె నెవరైనను చదువవచ్చును. 10061 అని వచ్చినచో, ఇల్లు చేరితిమి గాని ఆ గుమ్మము వెనుక ఎవరును కూర్చుండలేదని యర్థము. అనగా సర్వరు ప్రోగ్రాము నడచుట లేదు, లేదా వేఱొక గుమ్మమున కూర్చున్నది. 10060 అని వచ్చినచో, ఎంతసేపు పిలిచినను జవాబే లేదని యర్థము. చిరునామా తప్పియుండవచ్చును, తీగ ఊడియుండవచ్చును, లేక ఫైర్‌వాల్ అను కావలివాడు పిలుపును లోనికి పోనీయకుండవచ్చును. ఈ కావలివాడు మౌని. లోపల మనిషి లేనపుడు సైతము "లేరు" అని చెప్పక ఊరకుండును గనుక, 10060 చూచి సర్వరు నడచుచున్నదని తీర్పు చెప్పరాదు. 26 అని వచ్చినచో, ఇంటిలో ఆ పేరుగల సర్వరు ఏ గుమ్మమున నున్నదో తెలియలేదని యర్థము. ఆ సంగతి చెప్పుటకు బ్రౌజరు అను వేఱొక చిన్న సేవ 1434వ గుమ్మమున నుండవలెను, అది నిలిచిపోయి యుండవచ్చును. ఇక 18456 వచ్చినచో సంతోషింపవలసినదే. ఇల్లు దొరికినది, గుమ్మము తెఱచినారు, కరణముగారే ఎదురుగా నిలిచి "నీవెవరో నేనెఱుగను" అనుచున్నారు. రహస్యపదము మార్చిన గుమాస్తాను వెదకుడు.

అంకె వ్రాసికొనిన పిదప రెండు ప్రశ్నలు. మొదటిది: ఒక్క బల్లమీది కంప్యూటరే పలుకుట లేదా, అన్నియునా? ఒక్కటే యైనచో దోషము ఆ బల్ల యొద్దనే, సర్వరును ముట్టకుడు. అన్నియు నైనచో రెండవ ప్రశ్న: సర్వరున్న కంప్యూటరు మీదనే కూర్చుండి ప్రోగ్రాము తెఱచినచో లెక్కలు కనబడుచున్నవా? కనబడినచో పుస్తకములును క్షేమము, కరణమును క్షేమము. చెడినది దారి మాత్రమే. ఈ రెండు ప్రశ్నలు అడుగకయే పని ప్రారంభించు మరమ్మతుదారుని చేతికి ఏ వస్తువు నీయవలదని నా యభిప్రాయము.

మన పల్లెలలో దారి చెడుటకు ప్రధానకారణము కరెంటు. రౌటరు అను చిన్న పెట్టె కంప్యూటరులకు చిరునామాలు పంచును. అవి శాశ్వతములు గావు. కరెంటు పోయి వచ్చిన పిదప నిన్న 192.168.1.5 అయినది నేడు 192.168.1.8 కావచ్చును. గుమాస్తా తెరలు పాత యింటికే పోయి పిలుచుచుండును. రౌటరులో సర్వరు కంప్యూటరునకు ఒక అంకెను ఖాయము చేసినచో ఈ బాధ తీఱును. చిరునామా 169.254 అని మొదలైనచో ఆ కంప్యూటరునకు రౌటరు దొరకక తన కొక పేరు తానే పెట్టుకొన్నదని గ్రహింపవలెను. తీగను, రౌటరు దీపమును చూడుడు. ఎలుకలు కొఱికిన తీగకు ఏ ప్రోగ్రాములోను మందు లేదు.

కొన్నిమారులు విండోస్ ఆ దారిని బహిరంగస్థలముగా నెంచి కావలిని బిగించును. అట్టియెడ దానిని సొంత దారిగా గుర్తింపజేసి, ఆ యొక్క గుమ్మమునకు మాత్రము అనుమతి వ్రాయవలెను. కావలివానినే పూర్తిగా తొలగించుట కొందఱి యలవాటు. పని వెంటనే జరుగును గాని ఇల్లు తలుపులు లేనిదగును. 1433వ గుమ్మమును రౌటరు గుండ బయటి లోకమునకు తెఱచుట అంతకంటె ప్రమాదము. లెక్కలకు తాళము వేసి ధనమడుగు దుర్మార్గులు అట్టి గుమ్మములనే రేయుంబవళ్లు వెదకుచుందురు. క్రొత్తగా పెట్టిన ఎక్స్‌ప్రెస్ సర్వరు మొదట పొరుగు కంప్యూటరుల పిలుపును వినదు, టి.సి.పి. అను మార్గమును దానిలో తెఱచి, సర్వీసును ఆపి మఱల నడిపింపవలెను.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతికి వచ్చెదను. మన దుకాణదారులు పద్దును మొదట చిట్టాలో వేసి, పిదప తీఱికగా ఆవర్జా కెక్కించెడివారు గదా. డేటాబేసును అట్లే చేయును. దానికి రెండు ఫైళ్లుండును: .యం.డి.యఫ్. అను గుర్తుగలది ఆవర్జా; .యల్.డి.యఫ్. అను గుర్తుగలది చిట్టా. ప్రతి మార్పును మొదట చిట్టాలో చేరును. నడుమ కరెంటు పోయినచో, సర్వరు మఱల లేచునపుడు చిట్టా చదివి, పూర్తియైన పద్దులను ఆవర్జా కెక్కించి, సగములో నిలిచినవానిని రద్దు చేయును. దీనికి కొన్ని నిమిషములు పట్టును. చిట్టా పెద్దదైనచో ఇంకను ఎక్కువ. ఆ సమయమున అది ఎవరికిని జవాబీయదు. తెలియనివారు ఓపిక పట్టక కంప్యూటరును మఱల ఆర్పుదురు. అది మొదటినుండి ప్రారంభించును. అంతటితో ఆగక, "ఈ ఫైలు స్థలము మ్రింగుచున్నది, అనవసరము" అని .యల్.డి.యఫ్.ను తీసివేయువారు కలరు. అది చిట్టాను పొయ్యిలో పెట్టుట. పెరిగిన చిట్టాను తగ్గించుటకు సర్వరే ఒక పద్ధతి కలిగియున్నది. ఫైలును చెరుపుట ఆ పద్ధతి గాదు.

స్థలము మాట వచ్చినది గనుక: ఈ ఉచిత సర్వరు 2008 ఆర్2 మొదలు 2022 కూర్పు వఱకు ఒక్కొక్క డేటాబేసునకు 10 గిగాబైట్లు మాత్రమే పట్టును, 2025 కూర్పునందు 50. నిండినపుడు పాత లెక్కలు కనబడును గాని క్రొత్త పద్దు ఎక్కదు. అది దారి దోషము కాదు.

నష్టము సామాన్యముగా ఎట్లు జరుగునో చూడుడు. నెలనెల జి.యస్.టి. లెక్క సమర్పించు వర్తకుడు 3బి పత్రమును మఱుసటి నెల 20వ తేదీలోగా పంపవలెను. 19వ తేదీ సాయంకాలము తెర పలుకదు. వచ్చినవాడు ప్రోగ్రామును తొలగించి మఱల పెట్టును; ఖాళీ పుస్తకము కనబడును. అప్పుడు మూడు నెలల క్రిందటి నకలును తెచ్చి ఉన్న డేటాబేసు మీదనే వేయును. తెర చక్కగా పలుకును. అందఱు సంతసింతురు. ఆ మూడు నెలల ధాన్యపు తూకములు, రైతుల బాకీలు ఆ క్షణముననే తుడిచిపెట్టుకొని పోయినవని ఎవరికిని తోచదు. మిల్లు వెలుపల బండి దగ్గఱ నిలుచున్న రైతునకు అసలే తెలియదు. పత్రము ఆలస్యమైనచో ఆలస్యపు రుసుము రోజునకు 50 రూపాయలు, పన్నుమీద సంవత్సరమునకు నూటికి 18 వంతున వడ్డి. అదియు భారమే, కాని లెక్క కట్టి తీర్పదగిన భారము. పోయిన పద్దునకు లెక్క యెక్కడ? చట్టము ప్రకారము ఆ లెక్కలను వార్షిక పత్రపు గడువు మొదలు 72 నెలలు దాచవలసిన బాధ్యతయు వర్తకునిదే.

కావున ఏ మరమ్మతుకైనను ముందు సర్వరు సర్వీసును ఆపించి, రెండు ఫైళ్లను కలిపి వేఱొక డిస్కునకు ఎత్తించవలెను. సర్వీసు నడచుచుండగా ఆ ఫైళ్లు కదలవు. ఎత్తిన నకలును మరమ్మతుదారుని కీయక యజమానియే ఉంచుకొనవలెను. పాత నకలు తెఱవవలసి వచ్చినచో వేఱు పేరున, పక్కగా తెఱవవచ్చును. ఉన్నదానిపై వేయనక్కఱ లేదు.

ఇక గల్లా ఎదుట నిలుచున్న మీరు "రేపు రండు" అని విన్నపుడు చేయదగినది కలదు. అన్ని కంప్యూటరులును పలుకుట లేదా, సర్వరు మీద లెక్క కనబడుచున్నదా, నకలు ఏ తేదీది అని నెమ్మదిగా అడుగుడు. అడిగినవా డున్నచో చేయి కొంత నెమ్మదించును. తూకపు చీటీ ఒకటి కాగితముమీద వ్రాయించుకొనుడు: తేదీ, బస్తాలు, క్వింటాళ్లు, ధర, పుచ్చుకొన్న పైకము, గుమాస్తా సంతకము. ప్రోగ్రాము తిరిగి పలికిన దినమున ఆ చీటీని బట్టి పద్దు వేయించి, కంప్యూటరు ఇచ్చిన బిల్లు నంబరును ఆ చీటీమీదనే వ్రాయించి, పైకము చేతికి వచ్చువఱకు మీయొద్ద నుంచుకొనుడు.