ఎరువేస్తే కలుపు పెరిగింది

ఇట్లా రండర్రా, అరుగెక్కండి. కృష్ణ మీద నుంచి గాలి తిరిగింది, కళ్లంలో మిరపకాయల ఘాటు అమరావతంతా కమ్ముకుంది. తుమ్ముకుంటూనే వినండి. మన చిన్నోడు లెక్కల్లో తప్పాడని పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదట. రారా, నా పక్కన కూర్చో.

1895లో భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కాడు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. అది వస్తే తిన్నది ఒంటబట్టదు, మనిషి పాలిపోతాడు. తర్వాత ఆయన అమెరికా వెళ్లాడు. 1945 నాటికి లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్ తయారుచేసింది. ఆకుకూరల్లో ఉండేదే అది, పేరులో కూడా ఆకే ఉంది. స్ప్రూకి అది మందు. అన్నదమ్ములకు మాత్రం అందలేదు.

నాకు బాగా ఇష్టమైన ముక్క ఇప్పుడొస్తుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఆ ఫోలిక్ ఆసిడ్ జాతి మందే ఇచ్చి చూశాడు. రక్తం పట్టడానికి మంచిదే కదా! తీరా చూస్తే జబ్బు ఇంకా ఉరకలేసింది.

మా నాన్న పత్తిచేలో మొదటిసారి యూరియా చల్లిన ఏడు గుర్తొస్తుంది నాకు. పత్తి కన్నా ముందు తుంగ లేచింది. మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాన్న గట్టు మీద కూర్చుని చాలాసేపు చేను వంకే చూసి, 'తుంగక్కూడా ఇదే ఆకలే' అన్నాడు. మరుసటేడు చేనంతా చల్లలేదు, మొక్క మొదట్లో పిడికెడు పెట్టించాడు.

ఫార్బర్‌కీ అదే తట్టింది. ఈ తిండితో క్యాన్సర్ పెరిగిందంటే, ఈ తిండి లేకపోతే ఎండుతుందన్నమాట! దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెడతారు చూడండి, గేదె తన దూడే అనుకుని నాకుతుంది. అట్లాంటి గడ్డిదూడలు సుబ్బారావు బృందం దగ్గర తయారవుతున్నాయి. చూడ్డానికి ఫోలిక్ ఆసిడే, ఒక్క మూల మాత్రం తేడా. క్యాన్సర్ కణం ఆశగా పట్టుకుంటుంది, ఇక అక్కడే ఇరుక్కుంటుంది. వాటిలో ఒకదాని పేరు అమినాప్టెరిన్. 1948లో ఫార్బర్ రాశాడు: అది ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. కొన్ని నెలలే నిలిచింది, అయినా అంతకుముందు ఆ కొన్ని నెలలు కూడా ఎవరూ ఇవ్వలేకపోయారు. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు పోయాడు. 53 ఏళ్లే.

ఆ అమినాప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్ మనింట్లోనే ఉంది. మీ నాయనమ్మ కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునే పసుప్పచ్చ బిళ్ల అదే. అది మంచి కణాల్ని మరీ మాడ్చకుండా, వేరే రోజున ఇంకో బిళ్ల వేసుకోమన్నాడు డాక్టరు. అదేంటనుకున్నారు? ఫోలిక్ ఆసిడే! నాయనమ్మనడిగి ఆ డబ్బా పట్టుకురా చిన్నోడా, రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. వచ్చేటప్పుడు నీ అన్నం కంచం కూడా తెచ్చుకో.