అమ్మాయి ఎం.టెక్. చదువుతానంటే



మా పెద్దమ్మాయి ఎలక్ట్రానిక్స్‌లో బి.టెక్. ఆఖరి సంవత్సరంలో ఉండగా "అమ్మా, టెలికమ్యూనికేషన్స్‌లో ఎం.టెక్. చేస్తాను" అంది. "ముందు పరీక్షలు గట్టెక్కనీ, తర్వాత చూద్దాం" అన్నాను. మెట్రిక్‌తో ఆగిపోయినదాన్ని, నాకంతే తెలుసు. ఆ ఒక్క మాటతో దానికి ఏడాది పోయింది. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈవేళ ఈ సంగతి ఎత్తుకున్నాను.

అసలీ చదువేమిటంటారా? సంతలో నలుగురూ అరుస్తుంటే మన పిల్ల పిలుపు మన చెవికి ఎలా అందుతుంది? గోలలోంచి మాటను వేరుచేయడం, దాన్ని తీగమీదో, గాజుపోగులోనో, గాలిలోనో చెడకుండా పంపడం, ఇదే ఆ విద్య. రెండేళ్ల చదువు. మొదటి ఏడు ఎక్కువగా పాఠాలు, రెండో ఏడు ఒక సమస్య తీసుకుని స్వయంగా పరిశోధన చేసి సిద్ధాంత వ్యాసం రాయాలి.

ప్రవేశానికి ముఖ్యమైనది గేట్ పరీక్ష. ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ పేపరు మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 సాధారణ ప్రజ్ఞకు. నాలుగింటిలో ఒకటి ఎంచుకునే ప్రశ్నకు జవాబు తప్పితే మార్కులు కోస్తారు. సంఖ్య రాసే ప్రశ్నకు కోయరు. కనుక గుడ్డిగా గురి చూడవద్దని పిల్లలకు చెప్పండి. లెక్కలు, సిగ్నల్స్, సర్క్యూట్లు, విద్యుదయస్కాంత తరంగాలు బాగా రావాలి.

ఇక అసలు కిటుకు వినండి. దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు చివర మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. అంటే డిగ్రీ చేతికి రాకముందే! మూడో సంవత్సరంలో ఉన్నవారూ రాయవచ్చు. వచ్చిన స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఆడపిల్లలకు ఫీజులో రాయితీ కూడా ఉంది.

స్కోరు వస్తే సరిపోదు సుమండీ. వరంగల్లు ఎన్.ఐ.టి. వంటి వాటికి విడిగా కౌన్సెలింగుకు పేరు నమోదు చేసుకోవాలి. అక్కడ డిగ్రీలో 60 శాతం గాని, 6.5 సగటు గాని ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 55 శాతం, లేదా 6. ఐ.ఐ.టి.లకు వేటికవే దరఖాస్తులు. గేట్ రాయనివారికి మన రెండు రాష్ట్రాల్లోనూ పి.జి.ఇ.సెట్ ఉంది.

ఖర్చంటారా? గేట్‌తో చేరినవారికి చాలాచోట్ల నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం ఇస్తారు. బదులుగా ల్యాబుల్లో కింది తరగతులవారికి సాయపడాలి.

మా అమ్మాయి ఇంట్లో ఉన్న ఆ ఏడాదిలో సంబంధాలు వరస కట్టాయి. "ఇంకా చదివిస్తే వరుణ్ణి ఎక్కణ్ణించి తెస్తావు?" అన్నారు మా అత్తగారు. నేనూ ఒకటి రెండుసార్లు మెత్తబడ్డాను, దాచుకోవడమెందుకు? చివరికి ఫిబ్రవరి దాకా ఆగమని గట్టిగా చెప్పాను. రాసింది, సీటు వచ్చింది.

మీ అమ్మాయి ఈ మాటెత్తితే "తర్వాత చూద్దాం" అనకండి. "దరఖాస్తు ఆఖరు తేదీ ఎప్పుడమ్మా?" అని అడగండి. సెలవు.