రెండు కన్నులు – ఒక చూపు

కుంటివాడును గ్రుడ్డివాడును కలిసి అడవి దాటిన కథ మీరు వినియే యుందురు. గ్రుడ్డివాని భుజములపై కూర్చుండి కుంటివాడు త్రోవ చూపెను, గ్రుడ్డివాడు నడచెను. ఒక్కనివలన కాని పని యిద్దరివలన నెరవేరెను. జీవకణమును పరిశీలించు శాస్త్రజ్ఞులు రెండు సూక్ష్మదర్శినుల నడుమ ఇట్టి పొత్తునే కుదిర్చిరి.

మొదటిది కాంతితో పనిచేయునది. మీ పాఠశాలలోని సూక్ష్మదర్శిని ఈ జాతిదే. కణములోని ఒకానొక ప్రోటీనునకు వెలుగునిచ్చు పదార్థమును తగిలించినచో, ఆ ప్రోటీను ఎచ్చట నున్నదో ఇది చెప్పగలదు. కాని సామాన్యముగా 200 నానోమీటర్లకంటె దగ్గరగా నున్న రెండు చుక్కలు దీనికి ఒక్కటిగా కనబడును. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. ఈ హద్దును 1873లో ఎర్నెస్టు ఆబె అను జర్మను శాస్త్రజ్ఞుడు వివరించెను. నేటి శాస్త్రజ్ఞులు దీనిని కొంత దాటగలిగిరి. అయినను, వెలుగు తగిలింపని భాగములు చీకటిలోనే మిగిలిపోవును.

రెండవది 1931లో రుస్కా, నోల్ అనువారు బెర్లినులో నిర్మించిన ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని. ఇది కణములోని పలుచని పొరలను సైతము స్పష్టముగా చూపును. కాని దీని చిత్రములలో రంగులుండవు. ఒకే తీరుననున్న రెండు తిత్తులలో దేనిలో ఏ ప్రోటీనున్నదో ఇది చెప్పజాలదు.

అట్లయిన ఒకే కణమును రెండింటితోను చూడరాదా? అందొక చిక్కు కలదు. ఎలక్ట్రానులకై కణమును సిద్ధపరచు రసాయనములు దానిలోని వెలుగును ఆర్పివేయును. ఈ చిక్కును అమెరికాలోని జనీలియా పరిశోధనాలయమున హెస్, బెట్జిగ్ మున్నగువారు విడదీసి, 2020లో ప్రకటించిరి. వారు కణమును అధిక పీడనమున క్షణములో గడ్డకట్టించిరి. అందువలన నీరు మంచుపలుకులుగా మారక గాజువలె నిలిచెను. కణముయొక్క రూపు చెడలేదు. ఆ చలిలోనే మొదట వెలుగు చిత్రములు తీసిరి. పిమ్మట కణమునకు లోహపు రంగులు పట్టించి, గట్టి జిగురులో పొదిగిరి. అయానుల ధారతో కొన్ని నానోమీటర్ల మందమున పొర వెంట పొరను చెక్కుచు, బయటపడిన ప్రతి ముఖమును ఎలక్ట్రానులతో చిత్రించిరి. ఆ చిత్రములను దొంతరగా పేర్చగా కణము పొడవు, వెడల్పు, లోతులతో సాక్షాత్కరించెను. దానిపై వెలుగు చిత్రమును సరిగా పొందుపరచిరి.

అప్పుడొక వింత బయటపడెను. కణకేంద్రమునకు వెలుపలనుండు అంతర్జీవద్రవ్యజాలమునకు చెందిన ప్రోటీనులు, కేంద్రము లోపలి చిన్న తిత్తులలో కానవచ్చెను! కాంతి యొక్కటియే అయినచో అది వట్టి వెలుగుచుక్క. ఎలక్ట్రాను లొక్కటియే అయినచో అది పేరులేని తిత్తి. రెండును కలియుటచే ఆ చుక్కకు రూపమును, ఆ తిత్తికి పేరును లభించెను.

తన కొరతను ఎరిగినవాడే తోడును వెదకును. ఆ తోడు దొరికిననాడు, ఇద్దరికిని కానరానిది కంటబడును.