నేల ఎండుతున్నప్పుడు మొక్కల నీటి నియంత్రణ

నేలలో తేమ తగ్గుతున్నప్పుడు మొక్క తన నీటి వాడకాన్ని తగ్గించుకొని ప్రాణం నిలుపుకొనే ప్రక్రియను నీటి నియంత్రణ అంటారు. వేళ్ళు పీల్చుకొన్న నీటిలో నూటికి 95 పాళ్ళకు పైగా ఆవిరైపోతుంది. దీనిని బాష్పోత్సేకం అంటారు. ఈ ఆవిరి ఎక్కువగా ఆకులలోని పత్రరంధ్రాల ద్వారా వెలువడుతుంది. ఆహార తయారీకి కావలసిన కార్బన్ డయాక్సైడు లోనికి ప్రవేశించేది కూడా వీటి ద్వారానే. అందువలన రంధ్రాలు మూసుకొంటే నీరు ఆదా అవుతుంది, కాని ఆహార తయారీ తగ్గుతుంది.

పత్రరంధ్రాలు మూసుకొనే విధానం

ప్రతి పత్రరంధ్రానికి ఇరువైపులా రెండు రక్షక కణాలుంటాయి. ఇవి నీటితో ఉబ్బినప్పుడు రంధ్రం తెరుచుకొంటుంది, సడలినప్పుడు మూసుకొంటుంది. నేల ఎండేకొద్దీ మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. దాని ప్రభావం వలన రక్షక కణాల నుండి పొటాషియం అయానులు, వాటి వెంట నీరు బయటకు పోతాయి. చాలా పంటలలో, వేళ్ళకు అందగల నీటిలో సుమారు మూడవ వంతు మిగిలే వరకు బాష్పోత్సేకం పెద్దగా తగ్గదు. ఆ తరువాత వేగంగా తగ్గుతుంది.

ఇతర పద్ధతులు

వరి, జొన్న వంటి పైరుల ఆకులు చుట్టుకొని ఎండ తగిలే వైశాల్యాన్ని తగ్గిస్తాయి. బ్రహ్మజెముడు పత్రరంధ్రాలను ముఖ్యంగా రాత్రివేళ తెరుస్తుంది. కొన్ని చెట్లు ఆకులన్నిటినీ రాల్చివేస్తాయి.

జూబ్లీహిల్స్‌లో ఉదాహరణ

హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతం గ్రానైటు రాతి గుట్టలపై ఏర్పడింది. ఇటువంటి గుట్టలపై మట్టి పొర పలుచన కాబట్టి, వానలు వెనుకబడిన తరువాత తేమ ఎక్కువ కాలం నిలవదు. 1998లో జాతీయ వనంగా ప్రకటించబడిన కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం ఇక్కడే ఉన్నది. ఇది ఆకురాల్చే చెట్లు, ముళ్ళపొదలు గల మెట్ట అడవి. నీరు పోసి పెంచే ఇంటి తోటలు వేసవిలోనూ పచ్చగా ఉంటాయి. వాన నీటిపైనే బ్రతికే అడవి చెట్టు మోడుగా కనిపించవచ్చు. అది చచ్చిన చెట్టని భావించరాదు. ఆకులు లేనందున నీటి ఖర్చు చాలా తగ్గి, ఆ చెట్టు తరువాతి వానల వరకు బ్రతుకుతుంది.

వ్యవసాయంలో ప్రాముఖ్యత

పైరుకు ప్రాణం నిలిస్తే చాలదు, గింజ కూడా పండాలి. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్ సంస్థ సజ్జ పంటపై ఈ విషయాన్ని పరిశోధించింది. పంట చివరి దశలో వచ్చే బెట్టను తట్టుకొనే సజ్జ రకాలు, నేలలో తేమ బాగా ఉన్నప్పుడే నీటిని పొదుపుగా వాడతాయని ఆ పరిశోధనలలో తేలింది. ఆ విధంగా మిగిలిన నీరు గింజ పాలుపోసుకొనే సమయానికి అక్కరకు వస్తుంది. అయితే వానలు సమృద్ధిగా కురిసిన ఏడు ఇదే పొదుపు వలన ఎదుగుదల తగ్గే అవకాశమున్నది. అందువలన ఏ ప్రాంతంలో బెట్ట ఏ దశలో వస్తుందో గమనించి, దానికి తగిన రకాన్ని ఎంచుకోవలసి ఉంటుంది.